సెర్చ్ యాడ్స్: మన చేతిలో ఇంకా ఏం మిగిలి ఉంది
(చిన్న వ్యాపారుల కోసం జరిగిన శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది గూగుల్ యాడ్స్ ఇప్పటికే నడుపుతున్నారు. కొందరు ఏజెన్సీకి అప్పగించారు. ఎవరు నడిపినా ఒక ప్రశ్నకి జవాబు మాత్రం మీ దగ్గరే ఉండాలి. నిన్న ఖర్చయిన 500 రూపాయలు ఏ మాటల మీద ఖర్చయ్యాయి? మీరు పెట్టుకున్న కీవర్డులు, అంటే యాడ్ ఏ మాటలకి చూపించాలని మీరు చెప్పారో అవి, ఏమిటని నేను అడగడం లేదు. జనం తమ ఫోనులో అసలు ఏం టైపు చేస్తే మీ యాడ్ కనపడింది, దాన్ని ఎవరు నొక్కారు అని అడుగుతున్నాను. మీరు పెట్టిన కీవర్డు, వాళ్లు వెతికిన మాట ఒకప్పుడు దాదాపు ఒకటిగా ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య దూరం చాలా పెరిగింది. ఆ దూరంలోనే చిన్న వ్యాపారుల డబ్బు పోతోంది. ఈ రోజు మాట్లాడేదంతా దాని గురించే.

ముందు వేలం సంగతి చూద్దాం. ఎవరో ఒకరు సెర్చ్ చేసిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక వేలంపాట జరుగుతుంది. 1998లో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ డాట్ కామ్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. అక్కడ ఎవరి పాట ఎంతో అందరికీ కనపడేది, పాడినంతా కట్టాల్సి వచ్చేది. పై స్థానంలో ఉన్నవాడు 50 సెంట్లు పాడాడనుకోండి. కిందవాడు 20 దగ్గరే ఆగాడని చూసి 21కి దిగేవాడు. కిందవాడు అది గమనించి 22కి ఎక్కేవాడు. ధర రోజంతా రంపపు పళ్లలా ఎక్కుతూ దిగుతూ ఉండేది. గోటూ 2001లో ఓవర్చర్ అయింది, 2003లో యాహూ దాన్ని కొనేసింది. గూగుల్ 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో, ఇప్పుడు గూగుల్ యాడ్స్ అంటున్న యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టింది. అప్పుడు యాడ్ వెయ్యిసార్లు కనపడితే ఇంత అని వసూలు చేసేది. 2002 ఫిబ్రవరిలో క్లిక్కుల వేలానికి మారింది. మారినప్పుడు రెండు కొత్త నియమాలు పెట్టింది.

మొదటిది, మీరు పాడినంత కట్టక్కర్లేదు. మీ వెనకున్నవాడిని దాటడానికి ఎంత కావాలో అంతే కడతారు. ఇది మనకి తెలియని పద్ధతేం కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 2024లో 30 లక్షల 1 వెయ్యి పలికింది. గెలిచినవాళ్లు మనసులో ఎంత దాకా అనుకుని వచ్చారో ఎవరికీ తెలియదు. చివరి పోటీదారు ఆగిన చోటికి ఒక మెట్టు పైన పాట ఆగిపోతుంది. గూగుల్ వేలం లెక్క కూడా అదే.

రెండో నియమం మాత్రం లడ్డూ వేలంలో లేనిది. పాటతో పాటు యాడ్ నాణ్యతని కూడా కలిపి లెక్కేస్తారు. అంకెలతో చూద్దాం. రమణ 40 రూపాయలు పాడాడు, అతని యాడ్ నాణ్యత 4. సలీం 25 పాడాడు, నాణ్యత 8. లక్ష్మి 30 పాడింది, నాణ్యత 5. గుణిస్తే రమణకి 160, సలీంకి 200, లక్ష్మికి 150. సలీం మొదటి స్థానంలో ఉంటాడు. అతను కట్టేది రమణ 160ని తన 8తో భాగిస్తే వచ్చే 20 రూపాయలు, పైన కొన్ని పైసలు. రెండో స్థానంలో ఉన్న రమణ లక్ష్మి 150ని తన 4తో భాగించి 37 రూపాయల 50 పైసలు కడతాడు. కింద ఉన్నవాడు పైవాడికంటే దాదాపు రెట్టింపు కడుతున్నాడు. అందుకే “పక్కవాళ్లకి 20కి వస్తున్న క్లిక్కు నాకెందుకు 38 పడుతోంది” అన్న ప్రశ్నకి బిడ్, అంటే పాట, పెంచడం జవాబు కాదు.

నిజం లెక్క ఇంత సులువుగా ఉండదు. వెతికేవాళ్లు ఎక్కడున్నారు, ఏ ఫోను, ఏ వేళ, యాడ్ కింద ఇచ్చే ఫోన్ నంబరు, అదనపు లింకులు, ఇవన్నీ కలుస్తాయి. కనీస ర్యాంకు గీత కూడా ఒకటి ఉంటుంది. పోటీలో మీరొక్కరే ఉన్నా ఆ గీత దాటడానికి సరిపడా కట్టాల్సిందే. గీత దాటకపోతే స్థలం ఖాళీగా ఉన్నా యాడ్ రాదు. ఖాతాలో 1 నుంచి 10 దాకా కనపడే క్వాలిటీ స్కోర్ వేలంలో నేరుగా వాడే అంకె కాదు, రోగం ఎక్కడుందో చూపించే థర్మామీటర్ లాంటిది. అందులో మూడు భాగాలున్నాయి: యాడ్ మీద నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకీ యాడ్‌కీ పొంతన ఎంత, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది. మన దగ్గర ఎక్కువగా దెబ్బతినేది మూడోది. పంటి క్లినిక్ యాడ్ నొక్కితే వెబ్‌సైట్ మొదటి పేజీ తెరుచుకుంటుంది, అందులో రూట్ కెనాల్ గురించి ఒక్క ముక్క ఉండదు, ఫోన్ నంబరు అట్టడుగున ఉంటుంది. ఆ క్లిక్కుకి కట్టిన డబ్బు అక్కడే పోయింది.

ధర పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మన చేతిలో లేదు. అమెరికాలో గూగుల్ మీద జరిగిన గుత్తాధిపత్యం కేసు విచారణలో, 2023 సెప్టెంబరులో, ఆ సంస్థ యాడ్స్ అధికారి ఒకరు వేలంలో మార్పులు చేసి ధరలు 5 శాతం దాకా పెంచిన సందర్భాలు ఉన్నాయని ఒప్పుకున్నారు. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు. సెర్చ్ టెక్స్ట్ యాడ్స్ ధరల్ని పోటీ భయం లేకుండా పెంచగలిగిందని కూడా అందులో ఉంది. మీరు ఖాతాలో ఏమీ ముట్టుకోకపోయినా క్లిక్కు ధర పాకుతూ పోతుంటే మీ తప్పే అనుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, కీవర్డు ఎలా వదులైందో. కీవర్డుని ఎంత బిగుతుగా పట్టుకోవాలో మూడు రకాలుగా చెప్పొచ్చు: ఎగ్జాక్ట్ (అదే మాట), ఫ్రేజ్ (ఆ మాట అర్థం ఇమిడి ఉన్న సెర్చ్‌లు), బ్రాడ్ (దానికి సంబంధం ఉన్నవన్నీ). ఎగ్జాక్ట్ మ్యాచ్ అంటే ఒకప్పుడు అక్షరాలా ఆ మాటే. 2014లో ఏకవచనం, బహువచనం, అక్షరదోషాలు తప్పనిసరిగా కలిపేశారు. 2017లో మాటల వరస మారినా సరే అన్నారు. 2018లో, ముందు ఇంగ్లీషులో, అర్థం ఒకటైతే చాలన్నారు. 2021లో, బ్రాడ్‌లో కొన్ని మాటలు తప్పనిసరి అని చెప్పే బ్రాడ్ మ్యాచ్ మాడిఫయర్‌ని తీసేసి ఫ్రేజ్‌లో కలిపేశారు. మధ్యలో 2020 సెప్టెంబరులో జనం అసలు వెతికిన మాటలు చూపించే సెర్చ్ టర్మ్స్ రిపోర్టుని కుదించారు. తగినంతమంది వెతకని మాటలు అప్పటినుంచి అందులో కనపడవు. డబ్బు వాటి మీద కూడా ఖర్చవుతుంది, పేరు మాత్రం ఉండదు. 2025 మేలో ఏఐ మ్యాక్స్ వచ్చింది. అది ఆన్ చేస్తే మీ కీవర్డులు, మీ యాడ్, మీ వెబ్‌సైట్ చూసి ఏ సెర్చ్‌కి చూపించాలో యంత్రమే తేలుస్తుంది, శీర్షికలు కూడా కొత్తగా రాస్తుంది, ఏ పేజీకి పంపాలో కూడా అదే ఎంచుకుంటుంది.

ఇదంతా చెడ్డదని నేను అనను. కోట్ల రకాలుగా వెతికే జనాన్ని చేత్తో రాసిన జాబితాతో పట్టుకోలేం. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మీరు కావాలన్న కీవర్డు అర్థాన్ని బట్టి విస్తరిస్తుంది. మీరు వద్దన్న నెగెటివ్ కీవర్డు అలా విస్తరించదు. బహువచనం వేరేగా రాయాలి, అదే అర్థమున్న ఇంకో మాట వేరేగా రాయాలి. అక్షరదోషాలు మాత్రం 2024 నుంచి కలుస్తున్నాయి. అంటే తలుపు తెరుచుకునేది అర్థం చూసి, మూసుకునేది అక్షరం చూసి.

తెలుగులో ఇది మరీ కష్టం. మంగళగిరి చీరలు అమ్మే షాపు తీసుకుందాం. “మంగళగిరి” అన్న మాటని బ్రాడ్‌లో పెట్టారంటే ఎయిమ్స్ ఓపీ వేళల కోసం వెతికేవాళ్లు వస్తారు, పానకాల స్వామి గుడి దారి వెతికేవాళ్లు వస్తారు. “మంగళగిరి చీరలు” అని పెట్టినా చీర కట్టుకోవడం ఎలాగో చూసేవాళ్లు, బ్లౌజ్ డిజైన్ల ఫోటోలు చూసేవాళ్లు, మగ్గం పని వెతికేవాళ్లు, నేతన్న పథకం గురించి అడిగేవాళ్లు వస్తారు. వీళ్లెవరూ కొనడానికి రాలేదు. వీళ్లని ఆపాలంటే ఎయిమ్స్, ఓపీ, గుడి, టెంపుల్, ఫోటోలు, డిజైన్, డిజైన్లు, డిజైన్స్, ఎలా, జాబ్, జాబ్స్, ఉద్యోగం, పథకం, స్కీమ్ అన్నీ విడివిడిగా రాయాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకోసారి. మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ఎవరి పద్ధతి వాళ్లదే. “చీర”కి ఒకరు రెండు ఈలు పెడతారు, ఇంకొకరు ఒక ఐ పెడతారు. జనం నిజంగా ఎలా రాస్తున్నారో రిపోర్టులో చూసి ఎత్తి రాసుకోవడమే మార్గం. ఊహించి రాయకండి.

పని పద్ధతి చెబుతాను. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరవండి. ఖర్చు ఎక్కువైనది పైకి వచ్చేలా పెట్టండి. ప్రతి మాట దగ్గర ఒకటే అడగండి: ఈ మాట వెతికినవాళ్లు మన షాపు గుమ్మంలో నిలబడి ఇదే అడిగితే బేరం మొదలవుతుందా? కాదంటే, అందులో కొనుగోలుదారు ఎప్పుడూ వాడని ఒక్క పదాన్ని పట్టుకుని నెగెటివ్‌లో వేయండి. మొత్తం వాక్యాన్ని వేస్తే ఆ వాక్యం వరకే ఆగుతుంది, దాని అన్నదమ్ములు వస్తూనే ఉంటారు. పదం ఎంచుకోవడంలో తొందరపడకండి. “ధర” కొనేవాళ్లు కూడా వాడే మాటే. దాన్ని నెగెటివ్‌లో వేసి అసలు గిరాకీని ఆపుకున్న ఖాతాలు చాలా ఉంటాయి.

యాడ్ తెలుగులో రాసేవాళ్లకి ఒక చిన్న లెక్క. ఇప్పుడున్న రెస్పాన్సివ్ యాడ్‌లో 15 శీర్షికల దాకా, 4 వివరణల దాకా ఇవ్వొచ్చు. శీర్షికకి 30 అక్షరాలు, వివరణకి 90. మన గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ లెక్కలో విడివిడిగా పడతాయి. “మంగళగిరి పట్టుచీరలు” కంటికి చిన్నదే, కానీ 19 తీసుకుంటుంది. “స్త్రీ” ఒక్కటే 6. కాబట్టి సంయుక్తాక్షరాలు తక్కువున్న మాటలు ఎంచుకోండి. మీ ఖాతాలో భాష సెట్టింగు ఇంకా కనపడుతుంటే అందులో తెలుగు ఒక్కటే పెట్టకండి. మన జనం ఫోను ఎక్కువగా ఇంగ్లీషులోనే పెట్టుకుని తెలుగులో వెతుకుతారు. రెండూ టిక్ పెట్టండి.

ఇక క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడే మార్చుకోవాల్సినవి. సెర్చ్ క్యాంపెయిన్ పెడుతుంటే డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. అవి ఉంటే మీ యాడ్ గూగుల్ సెర్చ్ బయట వేరే సైట్లలో కూడా కనపడుతుంది. తీసేయండి. లొకేషన్ దగ్గర మామూలుగా ఉండే ఎంపిక “ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు లేదా దానిమీద ఆసక్తి ఉన్నవాళ్లు” అని. గుంటూరు పంటి క్లినిక్‌కి ఇది వద్దు. గుంటూరు గురించి చదివే డాలస్ మనిషి పన్ను పీకించుకోవడానికి రాడు. “ఉన్నవాళ్లు” అన్నది ఎంచుకోండి. అదే గుంటూరులో ముసలి తల్లిదండ్రులకి ఇంటికి నర్సుని పంపే సంస్థ అయితే, డాలస్‌లో ఉన్న కొడుకే ఫోన్ చేస్తాడు. అక్కడ అమెరికాకి వేరే క్యాంపెయిన్, వేరే బడ్జెట్, వాట్సాప్ నంబరు, వాళ్ల పగటివేళ చూసుకుని పెట్టండి. రెండింటినీ ఒకే క్యాంపెయిన్‌లో కలిపితే అమెరికా క్లిక్కుల ధర గుంటూరు బడ్జెట్‌ని మింగేస్తుంది.

రోజు బడ్జెట్ 500 అంటే రోజుకి 500 దాటదనుకోకండి. ఒక రోజు రెట్టింపు, అంటే 1,000 దాకా వెళ్లొచ్చు. నెల మొత్తం మీద 30.4 రెట్లు, అంటే 15,200 దాటదు. దానిమీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఖాతాలో నంబరు ఇచ్చి క్రెడిట్ తీసుకోండి. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి ఆ క్రెడిట్ రాదు, కాబట్టి మీ లెక్కలో క్లిక్కు ధరకి 18 శాతం కలిపే చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కన్వర్షన్ దగ్గర కావాలి. కన్వర్షన్ అంటే యాడ్ నొక్కి వచ్చినవాళ్లు మీకు కావాల్సిన పని చేయడం. ఇవాళ బిడ్ వేసేది చాలావరకు యంత్రం. దానికి తెలిసిందల్లా మీరు దేన్ని కన్వర్షన్ అన్నారో అదే. దాని కోసమే మనుషుల్ని వెతుకుతుంది, నిజాయితీగానే వెతుకుతుంది. మీరు “కాంటాక్ట్ పేజీ తెరిచారు” అన్నదాన్ని కన్వర్షన్ చేస్తే పేజీ తెరిచేవాళ్లని తెస్తుంది. పొరపాటున నొక్కేవాళ్లు, పిల్లలు ఆడుకునే ఫోన్లు, ఇవన్నీ చవగ్గా దొరికే పేజీ తెరుపులు. రిపోర్టులో కన్వర్షన్ 40 రూపాయలకే వచ్చిందని కనపడుతుంది, షాపులో బేరం ఉండదు. యంత్రం ప్రతి వారం ఆ తప్పు దారిలోనే ఇంకా ముందుకెళ్తుంది.

సరిచేసే దారి ఇది. డబ్బుకి దగ్గరగా ఉన్న ఒక్క పనినే ప్రైమరీ కన్వర్షన్‌గా ఉంచండి: ఫారం నింపి పంపడం, ఆర్డరు, మాట్లాడిన ఫోను. మిగతావి సెకండరీలో పెట్టండి, చూడ్డానికి పనికొస్తాయి కానీ బిడ్‌ని నడపవు. వాట్సాప్ బొత్తాం నొక్కడం సగం పనే, మెసేజ్ వచ్చినట్టు కాదు. ఎంక్వైరీలకి లెక్కింపు “ఒకటి” అని పెట్టండి, అమ్మకాలకి “ప్రతిదీ” అని. ఒకే మనిషి ఫారం మూడుసార్లు పంపితే మూడు గిరాకీలు కావు కదా. ట్యాగ్, అంటే కన్వర్షన్లు లెక్కపెట్టడానికి వెబ్‌సైట్‌లో పెట్టే కోడు, పనిచేస్తోందో లేదో మీరే ఫారం నింపి చూసుకోండి. మీ యాడ్ కనపడుతోందా అని మాత్రం గూగుల్‌లో పదేపదే వెతక్కండి. నొక్కకుండా చూసిన ప్రతిసారీ మీ యాడ్ మీద నొక్కేవాళ్ల శాతం తగ్గుతుంది. దానికి ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ సాధనం ఉంది.

ఎంక్వైరీ ఒకప్పుడు, అమ్మకం ఇంకొకప్పుడు జరిగే వ్యాపారాలు, క్లినిక్కులు, ఇంటీరియర్లు, కోచింగ్ సెంటర్లు, ఇంకో అడుగు వేయాలి. ఆటో ట్యాగింగ్ ఆన్ చేస్తే ప్రతి క్లిక్కుతో జీసీఎల్ఐడీ అనే గుర్తు వస్తుంది. వెబ్ ఫారంలో కనపడని గడి ఒకటి పెట్టి దాన్ని పట్టుకోండి. ఎంక్వైరీ నిజమైన గిరాకీ అయ్యాక ఆ గుర్తు, తేదీ, వేళ, వచ్చిన సొమ్ము ఒక షీటులో రాసి వారానికోసారి ఎక్కించండి. క్లిక్కు నుంచి 90 రోజుల్లోపు ఎక్కించాలి. గంట పని. 800 రూపాయల నూలు చీర కొన్నవాళ్లకీ 15,000 పట్టుచీర కొన్నవాళ్లకీ తేడా యంత్రానికి తెలిసేది ఇలాగే. నా దృష్టిలో చిన్న వ్యాపారి చేయగల పనుల్లో ఇంతకంటే లాభం ఇచ్చేది లేదు. చేసేవాళ్లు చాలా తక్కువ.

టార్గెట్ సీపీఏ, అంటే ఒక్కో కన్వర్షన్‌కి సగటున ఇంత పడాలి అని చెప్పే పద్ధతి, నెలకి 30 దాకా కన్వర్షన్లు వస్తున్నప్పుడు మొదలుపెట్టండి. ఇప్పటిదాకా 500 పడుతుంటే ఒక్కసారిగా 300 అని రాయకండి. యంత్రం వేలాల్లోకి వెళ్లడమే మానేస్తుంది, యాడ్ చచ్చిపోయిందని మీరు కంగారుపడతారు. 15, 20 శాతం చొప్పున దించుతూ రెండేసి వారాలు ఆగండి. పర్ఫార్మెన్స్ మ్యాక్స్ గురించి ఒకే మాట: అది సెర్చ్, యూట్యూబ్, జీమెయిల్, మ్యాప్స్ అన్నీ కలిపి నడిపే క్యాంపెయిన్. మీ కన్వర్షన్ లెక్క శుభ్రంగా ఉంటే చూడొచ్చు, లేకపోతే వద్దు. 2025 నుంచి అందులోనూ నెగెటివ్ కీవర్డులు పెట్టనిస్తున్నారు. పెట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ప్రశ్న: పోటీ షాపువాళ్లు కావాలనే మా యాడ్ నొక్కుతుంటే?)

అలాంటివి గూగుల్ కొంతవరకు పట్టుకుని లెక్కలోంచి తీసేస్తుంది. “ఇన్‌వ్యాలిడ్ క్లిక్స్” అని ఒక గడి చేర్చుకుని చూడండి. ఈ సమస్య పాతదే, 2006లో అమెరికాలో ఒక దావాని గూగుల్ 9 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది. క్యాంపెయిన్‌కి 500 ఐపీ చిరునామాల దాకా, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ల నంబర్ల దాకా, ఆపొచ్చు. కానీ మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు. ఒకరిని ఆపబోయి ఊరందరినీ ఆపుతారు. మీ అనుమానాల్లో చాలా భాగం లొకేషన్, డిస్‌ప్లే టిక్కులు సరిచేస్తే తగ్గిపోతుంది. ముందు అవి చూడండి.

(ప్రశ్న: మా షాపు పేరునే కీవర్డుగా వాళ్లు పెట్టుకున్నారు. ఆపొచ్చా?)

ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో డీఆర్ఎస్ లాజిస్టిక్స్ కేసులో చెప్పింది ఇది: ట్రేడ్‌మార్కుని కీవర్డుగా వాడటం కూడా వాడకమే, అయితే అంతమాత్రాన ఉల్లంఘన కాదు. జనం తికమకపడేలా ఉంటే అప్పుడు ఉల్లంఘన. అంటే వాళ్ల యాడ్‌లో మీ పేరు కనపడితే ఫిర్యాదు చేయండి, మీ ట్రేడ్‌మార్కు రిజిస్టర్ అయి ఉండాలి. మీ పేరు మీద మీరే డబ్బు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. ఈబే సంస్థ తన పేరు మీద యాడ్స్ ఆపి చూస్తే, పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం కింద ఉచితంగా వచ్చే ఫలితాల నుంచే తిరిగి వచ్చాయి. అది అందరికీ తెలిసిన పేరు. మీ పేరు మీద ఎవరూ పాడకపోతే మీరూ పాడక్కర్లేదు. పోటీవాళ్లు పాడుతుంటే తక్కువ బిడ్‌తో, విడి క్యాంపెయిన్‌లో పెట్టండి. దాని ఫలితాల్ని మిగతావాటితో కలపకండి. మీ పేరు వెతికినవాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే, వాళ్లని కలిపితే ఖాతా మొత్తం బాగున్నట్టు భ్రమ కలుగుతుంది.

(ప్రశ్న: ఒక కీవర్డు పనికిరాదని ఎన్నాళ్లకి తేల్చుకోవాలి?)

రోజులు కాదు, క్లిక్కులు లెక్కపెట్టండి. మీకు మామూలుగా 100 క్లిక్కులకి 5 ఎంక్వైరీలు వస్తాయనుకుందాం. మంచి కీవర్డుకి కూడా మొదటి 20 క్లిక్కుల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం 36 శాతం ఉంది. 20 క్లిక్కులకే తీసేస్తే మూడింట ఒక మంచి కీవర్డుని పారేసినట్టే. 60 క్లిక్కులకి కూడా ఏమీ రాలేదంటే ఆ అవకాశం 5 శాతం లోపుకి వస్తుంది. అప్పుడు తీసేయండి. క్లిక్కు 25 రూపాయలైతే 60 క్లిక్కులకి 1,500, జీఎస్టీతో 1,770. కొత్త కీవర్డు పెట్టే ముందు ఆ 1,770 పక్కన పెట్టుకోండి. అంత లేకపోతే ఐదు కీవర్డులు ఒకేసారి వద్దు, ఒక్కదాంతో మొదలుపెట్టండి.